మందు చేరని చోటు

ఏ క్యాన్సర్లు మెదడుకు పాకుతాయని అడిగితే వైద్య గ్రంథాలు ఒక పట్టిక చూపిస్తాయి. అందులో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముందుంటుంది. ఆ వెనక రొమ్ము క్యాన్సర్, మెలనోమా అనే చర్మ క్యాన్సర్, మూత్రపిండాల క్యాన్సర్ వస్తాయి. ఒక్కోదాని కింద మళ్ళీ ఉపజాతులు: చిన్నకణాల రకం, హెర్‌2 పాజిటివ్ రకం, ఏఎల్‌కే జన్యుమార్పు ఉన్న రకం. చదివేవారికి ఇవన్నీ ఆయా జబ్బుల పుట్టుగుణాలు అనిపిస్తాయి. కొంతవరకు నిజమే. అయితే ఈ పట్టికకు డెబ్బై ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రను వరసగా చూస్తే, మెదడుకు పాకే ముప్పును కణం ఒక్కటే నిర్ణయించడం లేదని, ఆ రోజుల్లో వైద్యుల చేతిలో ఉన్న మందుకు కూడా అందులో వాటా ఉందని నా అభిప్రాయం. మిగతా ఒంట్లో వ్యాధిని అణచగల మందు దొరికి, ఆ మందు మెదడులోకి పోలేనిదైతే, అంతవరకు అరుదుగా కనిపించిన మెదడు జబ్బే రోగి ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాటకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఒక వైద్య ఆనవాయితీలో ఉంది. తలలో జబ్బు జాడ కనిపించకముందే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల తలకు రేడియేషన్ ఇవ్వడం, మన ఆసుపత్రి వరండాల్లో వినిపించే మాటలో చెప్పాలంటే ముందుగానే తలకు కరెంటు పెట్టడం. 1960లలో పుట్టిన ఆ పద్ధతి నలభై ఏళ్ళ పాటు లక్షణంగా సాగి, చివరికి పుట్టిన ఆసుపత్రిలోనే పక్కకు తప్పుకుంది.

అంతకుముందు నడిచిన చర్చ ఒకటుంది. 1889లో లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్ష వివరాలు ముందేసుకుని కూర్చున్నాడు. కాలేయంలో కణుతులు 241 మందికి ఉన్నాయి, ప్లీహంలో మాత్రం 17 మందికే. రెండు అవయవాలకూ రక్తం పుష్కలంగా అందుతుంది కదా, మరి ఇంత తేడా ఎందుకన్నది ఆయన ప్రశ్న. విత్తనాలు అన్ని వైపులా చెదిరినా తమకు నప్పిన నేలలోనే మొలుస్తాయని ఆయన జవాబు. నలభై ఏళ్ళ తర్వాత అమెరికాలో జేమ్స్ యూయింగ్ ఈ వాదాన్ని తోసిపుచ్చాడు. రక్తం ఏ దారిన పోతే కణమూ ఆ దారినే పోతుందని, మొదట ఎదురైన సన్నని నాళంలో ఇరుక్కుంటుందని, ఇందులో నేల గొప్పతనమేమీ లేదని ఆయన అన్నాడు. మెదడు విషయంలో ఇద్దరికీ ఆధారాలు దొరుకుతాయి. ఒంటి బరువులో రెండు శాతమే ఉన్న మెదడు గుండె తోడే రక్తంలో 15 నుంచి 20 శాతం దాకా తీసుకుంటుంది. ఊపిరితిత్తుల కణితి నుంచి ఊడిన కణం నేరుగా గుండె ఎడమ గదుల్లోకి, అక్కణ్ణించి ధమనుల్లోకి పోతుంది. వేరే అవయవాల కణాలు ముందు ఊపిరితిత్తుల సన్నని నాళాలను దాటుకుని రావాలి. మెదడులో కణుతులు ఎక్కడెక్కడ పడుతున్నాయో 1988లో ఒక న్యూయార్క్ బృందం లెక్కతీస్తే పెద్దమెదడులో 80 శాతం, చిన్నమెదడులో 15, మెదడు కాండంలో 5 శాతం వచ్చాయి. రక్తం పంపకం కూడా దాదాపు ఆ పాళ్ళలోనే ఉంటుంది. ఇదంతా యూయింగ్ పక్షం. కానీ ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలను విడిచిపెట్టదు, మెదడు పదార్థం జోలికి మాత్రం అరుదుగా వస్తుంది. ఇది పాజెట్ పక్షం. ఇద్దరి లెక్కల్లోనూ రానిది కాలం. వాళ్ళ రోజుల్లో ఒంట్లో పాకిన క్యాన్సర్‌ను ఆపగల మందు లేదు, కాబట్టి ఒక అవయవంలో వ్యాధి అణిగి ఇంకో అవయవంలో పెరిగే పరిస్థితే వాళ్ళకు ఎదురుకాలేదు.

మెదడుకు అడ్డుగోడ ఉందన్న సంగతి మాత్రం అప్పటికే బయటపడింది. 1885లో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కిస్తే ఒళ్ళంతా రంగు పట్టింది, మెదడు మాత్రం తెల్లగా మిగిలింది. మెదడుకు ఆ రంగు అంటే గిట్టదేమోనని ఆయన అనుకున్నాడు. ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో అదే రకం రంగును మెదడు చుట్టూ ఉండే నీటిలోకి ఎక్కించి చూశాడు. ఈసారి మెదడు రంగెక్కింది, మిగతా ఒళ్ళు రంగెక్కలేదు. అంటే మెదడుకు రంగు గిట్టకపోవడం కాదు, రక్తానికీ మెదడుకూ మధ్య దారి మూసి ఉంది. ఆ మూత రక్తనాళాల లోపలి కణాల మధ్య బిగుతైన అతుకుల్లో ఉందని 1967లో రీస్, కార్నోవ్‌స్కీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూపించారు. గోల్డ్‌మన్ చేసిన ప్రయోగమే తర్వాతి కథకు తాళంచెవి: రక్తం నుంచి పోలేనిది ఆ నీటిలోంచి పోగలదు.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన మనిషి పేరు వస్తుంది. ఎల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1940 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ సంస్థ పరిశోధనకు సారథ్యం వహించాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత దాన్ని పోలి ఉంటూ దాని పనికి అడ్డుపడే పదార్థాలను వరసగా తయారుచేసింది. అమినోప్టెరిన్, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఆ వరసలోవే. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను తీవ్ర లుకేమియాతో ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో అచ్చయిన ఆయన పత్రంలో బాగా జబ్బుపడ్డ 16 మంది పిల్లలున్నారు, వారిలో 10 మందికి మెరుగు కనిపించింది. అప్పటిదాకా రక్త క్యాన్సర్ అని తేలిన బిడ్డ కొద్ది నెలల్లో పోవడమే రివాజు. ఇప్పుడు ప్లీహం తగ్గింది, రక్తం పుంజుకుంది, మంచాన పడ్డ పిల్లలు లేచి ఆడుకున్నారు. మెరుగు తాత్కాలికమేనని ఫార్బర్ దాచకుండా రాశాడు. సుబ్బారావు ఆ పత్రం వచ్చిన రెండు నెలలకే, 53వ ఏట, ఆగస్టులో కన్నుమూశాడు. తన మందు ఇచ్చిన అదనపు నెలల్లో ఏం జరిగిందో చూసే అవకాశం ఆయనకు దక్కలేదు.

ఆ నెలల్లో జరిగింది ఇది. 1950లలో ప్రెడ్నిసోన్, మెర్కాప్టోప్యూరిన్ తోడయ్యాక పిల్లలు నెలలు కాదు, ఏడాది, రెండేళ్ళు బతకసాగారు. రక్త పరీక్షలో క్యాన్సర్ కణాలు లేవు, ఎముక మజ్జ శుభ్రంగా ఉంది. అలాంటి బిడ్డ ఒక పొద్దున తలనొప్పితో లేచి వాంతి చేసుకుంటాడు. వారం తిరిగేసరికి ఒక కన్ను పక్కకు తిరగదు, ఒకటి రెండుగా కనిపిస్తుంది. వెన్నులోంచి నీరు తీసి మైక్రోస్కోపు కింద పెడితే, నీళ్ళలా తేటగా ఉండాల్సిన ద్రవంలో లుకేమియా కణాలు కిక్కిరిసి కనిపిస్తాయి. మెదడును చుట్టిన పొరల్లో వ్యాధి దాక్కుని ఉందన్నమాట. ఫార్బర్‌కు ముందు ఇది అరుదు. 1960ల నడుమకు వచ్చేసరికి, తలకు ప్రత్యేక చికిత్స అందని పిల్లల్లో సగం మందికి పైగా ఈ గతి పట్టవచ్చని పెద్ద ఆసుపత్రులు గుర్తించాయి. పిల్లల్లో నాడీమండల లుకేమియా పెరుగుతోందన్న అర్థం వచ్చే శీర్షికతోనే 1970లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. కణం మారలేదు, పిల్లలు మారలేదు, మారింది మందు. మింగిన మెథోట్రెక్సేట్ రక్తంలో పనిచేస్తుంది, వెన్నునీటిలోకి దానిలో చాలా స్వల్పభాగమే చేరుతుంది. బిడ్డ బతికిన ప్రతి నెలా ఆ పొరల్లోని కణాలకు పెరిగే వ్యవధి అయింది.

ఇది అర్థమయ్యాక చేయాల్సింది ఏమిటో ధైర్యంగా ఆలోచించినవాడు డోనాల్డ్ పింకెల్. 1962లో అమెరికాలోని మెంఫిస్‌లో తెరిచిన సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రికి ఆయన మొదటి డైరెక్టరు. దక్షిణ రాష్ట్రాల్లో వర్ణవివక్ష ఇంకా బతికున్న రోజుల్లో నల్ల పిల్లలను, తెల్ల పిల్లలను ఒకే వార్డులో చేర్చుకున్న చోటు అది. అప్పటికి అలబామాలో హోవార్డ్ స్కిప్పర్ ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఒక భయంకరమైన సత్యం చెప్పాయి: ఒక్క లుకేమియా కణం మిగిలినా చాలు, జంతువు చచ్చిపోతుంది. అలాంటప్పుడు మెదడు పొరల్లో మిగిలిన కణాలను తలనొప్పి వచ్చేదాకా వదిలేస్తే నయం చేయడమన్న మాటే లేదు. పింకెల్ బృందం మొదట 500 రాడ్‌ల (రాడ్ అంటే కిరణాల మోతాదు కొలత), తర్వాత 1200 రాడ్‌ల రేడియేషన్ తలకు, వెన్నుకు ఇచ్చి చూసింది. మోతాదు చాలలేదు, జబ్బు తిరిగొచ్చింది. 1967లో మొదలైన అయిదో ప్రయోగంలో తలకు 2400 రాడ్‌లు సుమారు రెండున్నర వారాల్లో విడతలుగా ఇచ్చి, అదే రోజుల్లో వెన్నులోకి మెథోట్రెక్సేట్ సూదులు వేశారు. ఆ కిరణాల హద్దు గీయడంలోనే బోలెడు పాఠముంది. కంటిగుడ్డు వెనక భాగం, ముక్కు పైకప్పు దగ్గర మెదడు పొర దిగే చోటు, కింద మెడ రెండో పూస దాకా అన్నీ ఆ హద్దులోకి రావాలి. కంటి కటకం మాత్రం బయట ఉండాలి. వేలెడు చోటు వదిలినా వ్యాధి అక్కణ్ణించే మళ్ళీ మొలిచేది. నాలుగైదేళ్ళ బిడ్డ ఆ కొలతకు కదలకుండా పడుకోవాలి.

ఫలితం వైద్యలోకాన్ని కదిలించింది. ఆ చిన్న గుంపులో దాదాపు సగం మంది పిల్లలు ఏళ్ళ తరబడి జబ్బు లేకుండా నిలిచారు. అప్పటివరకు తీవ్ర లుకేమియా విషయంలో నయమైందన్న మాట పలకడానికే వైద్యులు జంకేవారు. తర్వాతి ప్రయోగంలో కొందరికి కిరణాలు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూశారు. ఇవ్వని గుంపులో సగానికి మించి పిల్లలకు మెదడు పొరల్లో వ్యాధి వచ్చింది, ఇచ్చిన గుంపులో అతి కొద్దిమందికే వచ్చింది. ఇంత స్పష్టంగా రెండు గుంపులు విడిపోయే ప్రయోగాలు వైద్యంలో చాలా తక్కువ. దేశదేశాల్లో తలకు కిరణాలు పెట్టడం పిల్లల లుకేమియా వైద్యంలో విడదీయలేని భాగమైపోయింది.

మూల్యం పదేళ్ళ తర్వాత తెలియడం మొదలైంది. బతికిన పిల్లలు బడిలో వెనకబడ్డారు. లెక్కలు, జ్ఞాపకం, ఏకాగ్రత దెబ్బతిన్నాయి, మరీ చిన్న వయసులో కిరణాలు పడ్డవారికి ఎక్కువగా. పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని కొందరు ఎదగలేదు. ఇరవై ముప్పై ఏళ్ళకు కొందరి తలలో కొత్త కణుతులు పుట్టాయి, ఆ కిరణాల వల్లే. సెయింట్ జూడ్ తన పాత రోగుల స్థితిని 2003లో ప్రకటించినప్పుడు, కిరణాలు పడనివారి ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు మిగతా జనంతో సమానంగా ఉన్నాయి. పడినవారిలో నిరుద్యోగం ఎక్కువ, వారిలోని ఆడవాళ్ళకు పెళ్ళిళ్ళు తక్కువ. ఈ ఆనవాయితీని తలచుకున్నప్పుడు ఇవన్నీ కలిపే తలచుకోవాలి. అయితే ఇదంతా చూసి ఆ వైద్యులు తప్పు చేశారనేవారితో నేను ఏకీభవించను. 1968లో వాళ్ళ ముందున్న ఎంపిక తెలివి తగ్గిన బిడ్డా, తెలివైన బిడ్డా అన్నది కాదు. బిడ్డ ఉండడమా, పోవడమా అన్నది. తప్పు ఎప్పుడవుతుందంటే, కారణం తీరిపోయాక కూడా పద్ధతిని అలవాటుగా కొనసాగించినప్పుడు. వాళ్ళు అలా కొనసాగించలేదు. మోతాదును 2400 నుంచి 1800కు, కొందరికి 1200కు తగ్గించారు. వెన్నులోకి వేసే సూదులను పెంచారు. రక్తంలోకి భారీ మోతాదులో మెథోట్రెక్సేట్ ఎక్కించి, ఆ వెంటనే విరుగుడు ఇచ్చే పద్ధతి నేర్చారు. మెదడులోకి మెరుగ్గా చేరే డెక్సామెథాసోన్ వాడారు. ఆఖరికి 2000లో మొదలుపెట్టిన పదిహేనో ప్రయోగంలో ఏ బిడ్డ తలకూ ముందస్తు కిరణాలు లేకుండా 498 మందికి చికిత్స చేశారు. 2009లో ఫలితం ప్రకటించారు: అయిదేళ్ళలో మెదడు పొరల్లో మాత్రమే జబ్బు తిరిగొచ్చింది 2.7 శాతం మందికి, బతికి ఉన్నవారు 93.5 శాతం. ఒకప్పుడు సగం మందిని పట్టుకున్న ముప్పు మూడు శాతం లోపుకు దిగింది. మందు చేరే దారి దొరికింది కాబట్టి దిగింది.

ఈ వాదానికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది: ముప్పు పెరగలేదు, చూసే కళ్ళు పెరిగాయి. సీటీ స్కాన్ తొలిసారి ఒక రోగి తలను చూసింది 1971లో. ఎంఆర్‌ఐ ఆసుపత్రుల్లోకి వచ్చింది 1980లలో. అంతకుముందు మెదడులోని చిన్న కణుతులు శవపరీక్షలో తప్ప తెలిసేవి కావు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో 1970లలో చేసిన 2,375 శవపరీక్షల్లో 24 శాతం మందికి కపాలం లోపల వ్యాధి ఉందని పోస్నర్, చెర్నిక్ 1978లో రాశారు. వారిలో కొందరికి బతికుండగా ఏ లక్షణమూ లేదు. కనక గట్టి కణుతుల విషయంలో పెరుగుదలలో కొంత స్కాన్ల చలవేనని ఒప్పుకోవాలి. లుకేమియాకు మాత్రం ఇది వర్తించదు. 1948లో అయినా 1968లో అయినా పరీక్ష ఒకటే, వెన్నునీరు తీసి కణాలు లెక్కించడం. అదే సూది, అదే మైక్రోస్కోపు. పైగా ఆ పిల్లలను ఎవరూ వెతికి పట్టుకోలేదు, తలనొప్పి, వాంతులతో వాళ్ళే వచ్చారు.

రెండో అభ్యంతరం ఇంకా సూక్ష్మమైనది. లుకేమియా నివసించేది మెదడు పొరల్లో, ఊపిరితిత్తుల క్యాన్సర్ మొలిచేది మెదడు పదార్థంలో. రెండు చోట్ల గోడలు ఒక్కటి కావు. పైగా కణితి పెరిగిన చోట ఆ గోడ చిల్లులు పడుతుంది. ఎంఆర్‌ఐలో రంగుమందు ఎక్కిస్తే కణితి వెలిగేది ఆ చిల్లుల వల్లే. మరి మందు చేరదని ఎలా అంటారు? నిజమే, కానీ ఆ చిల్లులు ఒక తీరుగా ఉండవు. ఒకే మెదడులో ఒక కణితిలోకి మందు బాగా చేరుతుంది, పక్కదానిలోకి చేరదు, ఇంకా రక్తనాళాన్ని చీల్చని గుప్పెడు కణాల దగ్గరికి అసలు చేరదు. ముందుజాగ్రత్త కావలసింది ఆ గుప్పెడు కణాల మీదే.

మూడోది విత్తనం వైపు నుంచి వచ్చే అభ్యంతరం. హెర్‌2 రొమ్ము క్యాన్సర్‌నే తీసుకోండి. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ ఆ రోగుల ఆయుష్షు పెంచింది. 2003లో బోస్టన్ వైద్యులు ఆ మందు తీసుకున్న 122 మందిని చూస్తే 34 శాతం మందికి మెదడులో వ్యాధి తేలింది. వారిలో సగం మందికి ఆ సమయంలో మిగతా ఒంట్లో జబ్బు అదుపులోనే ఉంది. పాత లుకేమియా వార్డు కథే మళ్ళీ నడిచిందనిపిస్తుంది. కానీ ప్రత్యర్థి అంటాడు: హెర్‌2 కణానికి మెదడంటే మొదటినుంచీ మోజు, మందు ఉన్నా లేకున్నా అది అటే పోతుంది. ఈ మాటలో బలం ఉంది. ట్రాస్టుజుమాబ్ రాకముందు కూడా ఈ రకానికి మెదడు ముప్పు ఎక్కువే. రొమ్ము క్యాన్సర్ కణాలు మెదడు గోడ దాటడానికి తోడ్పడే కొన్ని జన్యువులను జోన్ మసాగే బృందం 2009లో గుర్తించింది కూడా. విత్తనం సంగతి నేను కాదనడం లేదు. విత్తనం ఒకటే ఉండి మందు మాత్రం మారితే ఏమవుతుందన్నదే నా ప్రశ్న. దానికి జవాబు ఏఎల్‌కే మార్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో దొరికింది. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరీక్షలో 303 మంది రోగులను చీటీ వేసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు క్రిజోటినిబ్, ఇంకో గుంపుకు అలెక్టినిబ్. జబ్బు ఒకటే, జన్యుమార్పు ఒకటే, స్కాన్లూ ఒకే తీరున. మెదడులో వ్యాధి ముదిరినవారు మొదటి గుంపులో 45 శాతం, రెండో గుంపులో 12 శాతం. మెదడు రక్తనాళాల గోడల్లో మందును బయటికి తోసేసే పంపు లాంటి ప్రొటీన్ ఒకటుంది. క్రిజోటినిబ్ దానికి చిక్కుతుంది, అలెక్టినిబ్ చిక్కదు. అలెక్టినిబ్ మిగతా ఒంట్లో కూడా మెరుగైన మందేనన్నది నిజం. కానీ నలభై అయిదుకూ పన్నెండుకూ ఉన్న దూరాన్ని ఆ ఒక్క కారణం పూడ్చలేదు. మెదడుకు పాకే కారకాల పట్టికలో ఏఎల్‌కే పేరు పక్కన ఏ మందు వాడుతున్నప్పుడో కూడా రాయకపోతే ఆ వరస అసంపూర్ణమే.

పిల్లల వార్డులో గెలిచిన పద్ధతి ఊపిరితిత్తుల వార్డుకు వెళ్ళిన తీరు కూడా ఇదే చెబుతుంది. చిన్నకణాల ఊపిరితిత్తుల క్యాన్సర్ కీమోకు ఇట్టే కరుగుతుంది, కొన్నాళ్ళకు మెదడులో తేలుతుంది. లుకేమియాను చూపించి, దీనికీ ముందే తలకు కిరణాలు పెట్టాలా అని 1973లో హైనే హాన్సెన్ ప్రశ్నించాడు. పాతికేళ్ళు చర్చ నడిచింది. 1999లో ఏడు పరీక్షలను, 987 మంది రోగులను కలిపి లెక్కేస్తే, కిరణాలు తీసుకున్నవారిలో మూడేళ్ళు బతికినవారు 15.3 నుంచి 20.7 శాతానికి పెరిగారు. మెదడుకు పాకడం 58.6 నుంచి 33.3కు తగ్గింది. 2007లో యూరప్ పరీక్ష ముదిరిన దశలోనూ లాభముందంది. అయితే ఆ పరీక్షలో చేర్చుకునే ముందు అందరికీ మెదడు స్కాన్ తీయలేదు. అంటే అప్పటికే కణుతులు ఉన్నవారు కొందరు అందులో చేరి ఉండవచ్చు. జపాన్ వైద్యులు 2017లో ఆ లోపం సరిదిద్దారు. ఎంఆర్‌ఐలో తల శుభ్రంగా ఉన్న 224 మందిని తీసుకుని, సగం మందికి కిరణాలు ఇచ్చారు, అందరినీ ఎంఆర్‌ఐతో క్రమం తప్పకుండా కనిపెట్టుకుని ఉన్నారు. ఏడాదికి మెదడుకు పాకడం 59 నుంచి 32.9 శాతానికి తగ్గింది, కానీ ఆయుష్షు పెరగలేదు. కిరణాలు తీసుకున్నవారు మధ్యస్థంగా 11.6 నెలలు, తీసుకోనివారు 13.7 నెలలు బతికారు. మెదడును కాపాడినా మనిషి దక్కకపోవడానికి కారణం మిగతా ఒళ్ళు. లుకేమియా పిల్లల్లో మిగతా ఒంట్లో జబ్బు అదుపులో ఉంది, కాబట్టి ఆఖరి దాగుడుచోటు మూసేస్తే నయమైంది. ఇక్కడ ఒంట్లో జబ్బే అదుపులో లేదు. ఒక వార్డులో ఒప్పయిన ఆనవాయితీని ఇంకో వార్డుకు ఎత్తుకుపోయేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి. చూసుకోవడానికి నలభై ఏళ్ళు పట్టింది.

మన దగ్గర ఈ వాదాన్ని ఒకలా అపార్థం చేసుకునే ప్రమాదముంది కాబట్టి ఆ మాట కూడా చెప్పాలి. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ పాకుతుందని, కీమో మొదలుపెడితే జబ్బు తలకెక్కుతుందని భయపడి వైద్యం మానుకునేవారు మన ఊళ్ళలో ఉన్నారు. ఈ చరిత్ర వాళ్ళ భయాన్ని బలపరచదు. సుబ్బారావు బృందం మందు లేని రోజుల్లో ఆ పిల్లలకు మెదడు పొరల్లో వ్యాధి తక్కువగా కనిపించిందంటే, అది పెరిగేంత కాలం వాళ్ళు బతకకపోవడం వల్ల. మందు ఏ కణాన్నీ మెదడుకు తోలలేదు. అప్పటికే అక్కడికి చేరిన కణానికి అందలేదు, అంతే. మందు మానేస్తే మెదడు ముప్పు తగ్గినట్టు కనిపించేది రోగి ముందే పోవడం వల్లనే.

కాకపోతే ఈ చరిత్రలో వైద్యులు ఒప్పుకోవాల్సిన అన్యాయం ఒకటుంది. కొత్త మందులను పరీక్షించేటప్పుడు మెదడుకు పాకిన రోగులను చేర్చుకోకపోవడం దశాబ్దాల పాటు మామూలు నియమం. వాళ్ళు ఎక్కువ కాలం బతకరని, ఫలితాలు పాడవుతాయని కారణం చెప్పేవారు. దాంతో ఏ మందు మెదడులో పనిచేస్తుందో తెలుసుకునే దారి మూసుకుపోయింది. తెలియదు కాబట్టి పనిచేయదని అనుకోవడం మొదలైంది. ముప్పు ఎవరికి ఎక్కువో వాళ్ళనే లెక్కలోంచి తీసేశారు. ట్యుకాటినిబ్ అనే మందు పరీక్ష ఈ నియమాన్ని పక్కనపెట్టింది. అందులో చేరిన, హెర్‌2 రొమ్ము క్యాన్సర్ ముదిరిన 612 మందిలో దాదాపు సగం మంది మెదడుకు జబ్బు పాకినవారే. అందరికీ ట్రాస్టుజుమాబ్, కాపెసిటబిన్ ఇచ్చారు. ఒక గుంపుకు వాటితోపాటు ట్యుకాటినిబ్, ఇంకో గుంపుకు ఉత్త మాత్ర. మెదడుకు పాకినవారిని విడిగా చూస్తే, ఏడాది గడిచేసరికి వ్యాధి ముదరకుండా నిలిచినవారు ఆ మందు అందిన గుంపులో 24.9 శాతం. ఉత్త మాత్ర అందిన గుంపులో ఒక్కరూ లేరు.